మూడో దూలంలో కమ్ములెన్ని?

1948వ సంవత్సరం మే నెల పదో తేదీ, సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలు. తిరుపతి మీద ఆకాశంలో ఒక్క మబ్బు తునక లేదు; పడమటి గాలి పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు వీస్తోంది. వేడి ఎంత అని అడిగితే చెప్పలేను. ఆనాడు నా దగ్గర ఉష్ణమాపకం లేదు, కొలవనిదాన్ని చెప్పే అలవాటు నాకు అంతకన్నా లేదు. ఆ రోజుల్లో మనుషులు ఒకరి మాట మీద ఒకరు మిద్దెలు కట్టుకొనేవారు. మేస్త్రి 'నిలబడుతుంది' అంటే ఇంటివాడు నిశ్చింతగా గృహప్రవేశం చేసేవాడు. నేను మాత్రం అంకె మీద తప్ప మరి దేని మీదా ఆధారపడరాదని ఇరవై రెండేళ్లకే తీర్మానించుకొన్నాను. ఆ తీర్మానం నన్ను యాభై ఐదు రోజుల పాటు ఎన్ని తిప్పలు పెట్టిందో ఇప్పుడు తలచుకొంటే నవ్వు వస్తుంది. అప్పుడు రాలేదు.

పూతలపట్టు బెల్లం వ్యాపారి ఒకాయన (ఊరంతా ఆయన్ను బెల్లం శెట్టిగారనే పిలిచేది) కొండకు వచ్చే యాత్రికుల కోసం తిరుపతిలో ఒక సత్రం కట్టించాలనుకొన్నారు. కింద యాత్రికులు పడుకొనేందుకు సావిడి, పైన భోజనశాల. ఓవర్‌సీరు ఉద్యోగం నుంచి విరమించి ఇళ్లు కట్టించే పనిలో దిగిన మా మేనమామకు ఆ పని దక్కింది. మద్రాసులో చదువు ముగించుకొని వచ్చిన నాకు ఆయన దగ్గర లెక్కలు వేసే పని దక్కింది. మామ నన్ను పేరు పెట్టి పిలవలేదు. "రేయ్ దశాంశం" అనేవాడు. బొంగరం ఆడే వయసులో కూడా నేను చుక్క తరువాత రెండు స్థానాల దాకా చెప్పేవాణ్ణట.

పై భోజనశాల నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. దాన్ని మోసేందుకు పది అడుగులకు ఒకటి చొప్పున మూడు కాంక్రీటు దూలాలు. చదువరులు భయపడనక్కరలేదు, విషయం చాలా చిన్నది. దూలం మీద బరువు పడినప్పుడు పై భాగం నలుగుతుంది, కింది భాగం సాగుతుంది. కాంక్రీటు నలగడాన్ని ఎంతైనా ఓర్చుకొంటుంది గాని సాగడాన్ని ఓర్చుకోదు. అందుచేత ఆ సాగుడును భరించేందుకు అడుగున ఇనుప కమ్ములు వేస్తాము. ఎన్ని వేయాలన్నదే లెక్క. పదకొండు పుటల గణితం చేసి నేను తేల్చింది ఏమిటంటే, ఒక్కొక్క దూలానికి 4.17 చదరపు అంగుళాల ఇనుము కావాలి. అంగుళం మందం కమ్ములు ఐదు వేస్తే 3.93 వస్తుంది, చాలదు. ఆరు వేస్తే 4.71, చాలుతుంది. అడుగు వరసలో నాలుగు, దాని మీది వరసలో రెండు. మూడు దూలాలకు పద్దెనిమిది.

శెట్టిగారికి ఇది నచ్చలేదు. "ఏమప్పా, ఆరు యాల? ఐదేస్తే నిలబడదా? మా తాత యాపదూలం ఏసినాడు. ఏ లెక్కా లేదు. ఇంగా అట్లే ఉండాది."

"ఐదైతే 0.24 చదరపు అంగుళాలు తక్కువ వస్తుందండీ."

"అంటే ఎంత? నాకు తెలిసేటట్టు సెప్పు."

"చిటికెనవేలి గోరంత."

"గోరంత తక్కువైతే మిద్దె పడిపోతాదా?"

నేను నిజాయితీగా ఆలోచించి, "పడదు. కాని లెక్క తప్పుతుంది" అన్నాను. శెట్టిగారు మామవైపు తిరిగి, "ఈ అబ్బి తప్పు సెప్పే రకం కాదబ్బా. ఆరే ఏయించు" అన్నారు. నా జీవితంలో నాకు లభించిన మొదటి యోగ్యతాపత్రం అది. దాన్ని నిలుపుకోవాలనే ఆరాటం నుంచే తరువాతి కథంతా పుట్టింది.

ఇక మే పదో తేదీ మధ్యాహ్నానికి వస్తాను. మద్రాసు నుంచి రైల్లో వచ్చిన కమ్ములను ఎద్దుబండ్ల మీద సత్రం దగ్గరికి తెచ్చారు. ఒక్కొక్కటి ఇరవై రెండున్నర అడుగుల పొడవు, అరవై పౌన్ల బరువు. దించేటప్పుడు లెక్క చెప్పేందుకు శెట్టిగారి మండీలో తూకం వేసే ముసలాయన వచ్చాడు. అందరూ ఆయన్ను కాటా తాత అనేవారు. నేను లెక్క రాసుకోవాలి. రాసుకొన్నాను కూడా, కాని ఎండకు తాళలేక ఇరవై గజాల దూరంలో ఎదురింటి అరుగు మీద, నీడలో, బండికి వీపు పెట్టి కూర్చొని చెవితో రాసుకొన్నాను. కూలీలు బండి దగ్గర చేరి 'గోవిందా!' అని ఒక్క పెట్టున బరువెత్తారు. (తిరుపతిలో బియ్యం బస్తా లేపినా గోవింద నామం లేకుండా లేపరు కనుక అందులో నాకు వింత ఏమీ కనిపించలేదు.) ఆ తరువాత కాటా తాత కంచుగొంతుతో "ఒకటీ... రెండూ..." అంటూ పద్దెనిమిది దాకా చెప్పాడు. నేను పద్దెనిమిది గీతలు గీశాను. కింద '18' అని వేసి, చుట్టూ సున్న చుట్టి, తేదీ, గంట, నిమిషం రాసి సంతకం చేశాను.

మే ఇరవై ఆరో తేదీ బుధవారం కాంక్రీటు పోశారు. కమ్ములు కట్టిన మేస్త్రి చిత్తూరు దగ్గరి పల్లెవాడు, చర్చి మనిషి, మాట తక్కువ, చేయి గట్టి. మొదటి దూలంలో ఆరు పేర్చినప్పుడు నేను పక్కనే ఉన్నాను. రెండో దూలానికీ ఉన్నాను. మూడోదాని సమయానికి మామ నన్ను గోనెపట్టలు తెమ్మని పంపాడు (పోసిన కాంక్రీటును తడిగా ఉంచేందుకు). నేను తిరిగి వచ్చేసరికి దూలంలో కాంక్రీటు పడిపోతోంది. "ఆరూ ఏసినా చిన్నయ్యా" అన్నాడు మేస్త్రి. నేను తల ఊపి పుస్తకంలో మూడో గడి నింపాను. సాయంత్రం ఐదుంబావుకు, అందరూ చేతులు కడుక్కొంటున్నప్పుడు, ప్రహరీగోడ వారన ఒక కమ్మి కనిపించింది. అంగుళం మందం. ఇరవై రెండున్నర అడుగులు. ఒక కొనకు పసుపు పూసి, ఎండిన బంతిపువ్వు కట్టి ఉంది. పసుపు ఎందుకని నేను ఆలోచించలేదు. నా తలలో తిరిగింది ఒక్కటే: పద్దెనిమిది వచ్చాయి, ఒకటి ఇక్కడుంది, కాబట్టి దూలాల్లో పదిహేడు. రెండు దూలాల్లో పన్నెండు నా కళ్లతో చూశాను. మూడో దూలంలో ఐదు.

"మేస్త్రీ, మూడో దూలంలో ఎన్ని వేశావు?"

"ఆరు."

"ఆరైతే ఇదెక్కడిది?"

మేస్త్రి కమ్మిని చూశాడు, నన్ను చూశాడు. "నాకేం తెలుసయ్యా? కుప్పలోనుంచి తీసినా, ఏసినా. కుప్ప ఐపోయింది. ఇది కుప్పలోది కాదు."

"లెక్క ప్రకారం పద్దెనిమిదే వచ్చాయి. ఇదిగో, రాసుకొన్నాను."

"యేసయ్య మీద ఒట్టు, ఆరు ఏసినా."

ఒట్టును ఏ గడిలో వేయాలో నా పుస్తకంలో చోటు లేదు. "ఒట్లతో దూలం నిలబడదు మేస్త్రీ" అన్నాను. ఇన్నేళ్లయినా ఆ మాట నాకు వినిపిస్తూనే ఉంది. మేస్త్రి తువ్వాలు దులిపి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. మర్నాటి నుంచి పనికి వచ్చాడు గాని నాతో మాట్లాడడం మానేశాడు. కావలసింది ఏదైనా ఉంటే నా పక్కనున్న గోడకు చెప్పేవాడు.

మామకు చెప్పాను. ఆయన ముక్కుపొడుం పీల్చి, తీరికగా తుమ్మి, "ఐదే అయితే ఏమైతాది?" అన్నాడు.

"ఇనుము మీద చదరపు అంగుళానికి పదహారు వేల పౌన్లు దాటకూడదు కదా మామా. పదహారు వేల తొమ్మిది వందల అరవై మూడు పడుతుంది."

"ఆ ఇనుము దానికి రెండింతలు మోసినాక గాని లొంగదు రా."

"లొంగదు. కాని నియమం పదహారు వేలు."

"సరే, నియమం. ఇప్పుడేం సేద్దామంటావు?"

"అడుగున చెక్కి చూద్దాం."

"సెక్కితే అడుగు వరసలో నాలుగు కనపడతాయి. నీ సందేహం పై వరసలో ఉండాది. దాన్ని సూడాలంటే దూలం పగలగొట్టాల. పగలగొడితే మళ్లా సిమెంటుకు పర్మిట్టు యాడ తెస్తావు? ఈ పర్మిట్టుకే ఏడు నెలలు తిరిగినా." తరువాత ఆయన, నా పాలిట పిడుగులాంటి మాటను మామూలుగా అనేశాడు: "పని ముగిసినాక శెట్టికి ఒక కాయితం ఇయ్యాల. ఏ దూలంలో ఎన్ని కమ్ములు ఉండాయో దాంట్లో ఉంటాది. లెక్క వేసినవాడివి నువ్వు. సంతకం నువ్వే పెట్టాల."

ఆరు అని రాస్తే అబద్ధం. ఐదు అని రాస్తే మామ పేరు మట్టి కొట్టుకుపోతుంది, మేస్త్రికి ఇక తిరుపతిలో పని దొరకదు, నా యోగ్యతాపత్రం సంగతి చెప్పనే అక్కరలేదు. ఏదీ రాయకుండా ఊరుకొంటే, పైన నూట ఇరవై మంది కూర్చొని పప్పన్నం కలుపుకొంటున్నప్పుడు కింద పడుకొన్న యాత్రికుల గతి ఏమిటి? నాకు ఏమీ తోచలేదు. తోచనప్పుడు నేను చేసే పని ఒకటే, మళ్లీ లెక్క వేయడం. ఐదు కమ్ములతో వేశాను, ఆరుతో వేశాను, ఒకసారి విసుగెత్తి ఐదున్నరతో కూడా వేశాను. కాటా తాతను అడుగుదామన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆయన చెప్పిన లెక్క నా దగ్గర రాతపూర్వకంగా ఉంది కదా, ఇక అడగడానికి ఏముంది? (పైగా ఆయన అప్పటికే నగరిలో కూతురింటికి వెళ్లాడు.)

ఇరవై ఎనిమిది రోజులు తడిపి, జూన్ ఇరవై మూడున దూలాలకు అచ్చుగా కట్టిన చెక్కలు ఊడదీశాక, మామ నా మీద జాలిపడి బరువు పరీక్ష పెట్టించాడు. మూడో దూలం మీది భాగంలో నూట యాభై పౌన్ల బెల్లం మూటలు రెండు వందలు, వరసకు ఇరవై చొప్పున పది వరసలు. అంటే ముప్పై వేల పౌన్లు. మనుషులు మోపగల బరువుకు ఒకటిన్నర రెట్లు. కింద దూలం నడుమ ఒక టేకు గుంజ నిలబెట్టి, గుంజకూ దూలానికీ మధ్య సందులో పోస్టుకార్డులు దూర్చాము. బరువుకు దూలం ఎంత కిందికి వంగితే అన్ని కార్డులు పట్టకుండా పోతాయి. ఆరు కమ్ములుంటే పదిహేను కార్డులు తగ్గాలి, ఐదుంటే పదిహేడు తగ్గాలి అని ముందే లెక్క వేసి, కాగితం మడిచి మామ చేతికిచ్చాను. మర్నాడు ఉదయం వెళ్లేసరికి ఎండకు మూటలు చెమర్చి, దూలం పక్కన బెల్లం పాకం తీగలు దిగాయి, వాటి వెంట చీమలు బారులు తీరాయి. చీమల బారు పగులు వెంట పోతోందేమోనని నేను నిచ్చెనెక్కి భూతద్దంతో అరగంట చూశాను. పగులు లేదు. కార్డులు లెక్కపెట్టాము.

పదహారు తగ్గాయి.

"సంతోషమా?" అన్నాడు మామ. "దూలం నిలబడింది. ఇంగ సంతకం పెట్టు."

"నిలబడింది మామా. కాని ఐదుతో నిలబడిందా ఆరుతో నిలబడిందా?"

మామ చేతిలోని కార్డులన్నీ నా నెత్తిన పోసి వెళ్లిపోయాడు. నేను వాటిని ఏరి, మళ్లీ లెక్కపెట్టాను. పదహారే తగ్గాయి.

జూలై నాలుగో తేదీ, ఆదివారం, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. లేత మబ్బు, చినుకు లేదు. సత్రంలో మొదటి సంతర్పణ. పై భోజనశాలలో ఆకులు వేస్తున్నారు. సంతకం చేయని కాగితం మడత నా జేబులో ఉంది. భోజనాలు ముగియగానే శెట్టిగారి చేతిలో పెట్టాలి. నేను చేసిన నిర్ణయం ఒక్కటే: పంక్తి లేచేదాకా మూడో దూలం కింద నిలబడతాను. పడేటట్టుంటే ముందు నాకు తెలియాలి. సావిడిలో యాత్రికులను ఎవరినీ పడుకోనివ్వకుండా, తడి ఆరలేదని చెప్పి బయటికి పంపి, వెళ్లి నిలబడ్డాను. రెండు నిమిషాలకు మేస్త్రి వచ్చాడు. ఉతికిన పంచె, తలకు నూనె. నా పక్కన, సరిగ్గా దూలం నడిమధ్య కింద నిలబడి, చేతులు కట్టుకొన్నాడు.

"మేస్త్రీ, నువ్వు పైకి వెళ్లి భోంచెయ్యి."

మేస్త్రి గోడతో అన్నాడు: "ఆరేసినోన్ని నేను. పడితే నా మీదనే పడనీ."

ఇద్దరం తలలెత్తి దూలాన్ని చూస్తూ నిలబడ్డాము. పైనుంచి జనం అడుగుల చప్పుడు. అంతలో కాటా తాత గొంతు వినిపించింది. నగరి నుంచి ముందురోజే వచ్చాడట. ఆకుల లెక్క ఆయనకు అప్పగించారు. "గోవిందా!" అని అరిచాడు. తరువాత కొంత ఎడమిచ్చి, "ఒకటీ... రెండూ... మూడూ..."

నా చేయి జేబులో పెన్సిలు కోసం వెదికింది. ఎందుకో ఇంకా తెలియదు. ఆ మధ్యాహ్నపు ఎండ, అరుగు, పెన్సిలు, అన్నీ ఒక్కసారి గుర్తుకు వచ్చాయి. కాని ఆకు ఎత్తడానికి గోవింద నామం ఎందుకు? అరిటాకు అరవై పౌన్లు ఉండదు కదా! మేస్త్రిని అక్కడే వదిలి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. ఈశాన్య మూల మొదటి ఆకు వేసి ఉంది. దాని ముందు మనిషి లేడు. రెండో ఆకు ముందు కూర్చొన్న లావుపాటి పెద్దమనిషి 'ఒకటి'.

"తాతా, ఆ మొదటి ఆకు లెక్కలోకి రాదా?"

కాటా తాత నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "అది సామిది గదా నాయనా. సామికి తీసినాంక గదా మనకు లెక్క."

"మండీలో బెల్లం మూటలకూ ఇంతేనా?"

"దేనికైనా ఇంతే. మా మండీలో పెద్దశెట్టి కాలం నుంచి ఇదే మాదిరి."

"మరి ఆ రోజు, మే పదో తేదీ మూడూ ఇరవైకి, కమ్ములు దించినప్పుడు..."

"తేదీ నాకేం తెలుసబ్బా? నువ్వు అరుగుమీద కూసోని మాకు వీపు సూపించి రాసుకుంటా ఉంటివే, ఆ పొద్దేనా? దానికీ ఇంతే. మొదటిదాన్ని గోవిందా అని తీసి, పసుపు పూసి గోడవార పెట్టిస్తి. సామిది, ఎవురూ ముట్టుకోరాదంటిని."

నేను శెట్టిగారి వైపు తిరిగాను. ఆయన వడ్డన చూస్తూ తాపీగా అన్నారు: "పద్దెనిమిది కావాలంటివి. పందొమ్మిది తెప్పించినా. సామికి తీయకుండా మేము ఏదన్నా దించుకుంటామా?"

"ముందే చెప్పి ఉంటే..."

"నువ్వు అడగలేదే! లెక్కలోనివి అడిగినావు. లెక్కలోనివి సరిగ్గా ఇచ్చినాము."

కిందికి దిగాను. మేస్త్రి ఇంకా అక్కడే, తల ఎత్తి, చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ, ఆరే" అన్నాను. విషయమంతా చెప్పాను. ఆయన విన్నాడు. ముప్పై తొమ్మిది రోజుల తరువాత మొదటిసారి గోడతో కాకుండా నాతోనే మాట్లాడాడు: "అంటే, మీ సామి కమ్మి ఒకటి గోడవార పండుకోని ఉండాదని, మా యేసయ్య మీద నేనేసిన ఒట్టు నమ్మకపోతివి."

"తప్పు నాదే మేస్త్రీ."

"ఆ మాట గూడా పుస్తకంలో రాసుకో చిన్నయ్యా. తేదీ ఏసి." అని, నవ్వి, నా భుజం పట్టుకొని భోజనానికి మెట్లవైపు నడిపించాడు. నిజంగానే రాసుకొన్నాను. పన్నెండు గంటల ఎనిమిది నిమిషాలకు.

మిగిలిన ఆ కమ్మిని శెట్టిగారు మూడు ముక్కలు కోయించారు. వంటశాల నుంచి పైకి అన్నం గుండిగలు మోసేందుకు ఆ ముక్కలే చాలా ఏళ్లు కావడికట్టెలుగా పనిచేశాయి. అంటే ఆ సత్రంలో తిన్న ప్రతి ముద్దనూ మొదట మోసింది స్వామివారి కమ్మి. నా పద్దెనిమిదీ ఆ తరువాతనే. ఇప్పుడు నాకు వయసు మళ్లింది. అంకెలను నమ్మడం మానలేదు, మానను. కాని ఎవరైనా లెక్క చెబుతుంటే అరుగు మీద కూర్చొని వీపు పెట్టను. లేచి వెళ్లి, చెప్పేవాడి ముఖం చూసి, ఎక్కడినుంచి మొదలుపెట్టావని అడుగుతాను. మా ఇంట్లో పిల్లలు దీన్ని చాదస్తమంటారు. మామిడిపళ్లు లెక్కపెట్టేటప్పుడు మొదటి పండును నేను పక్కన ఎందుకు పెడతానో వాళ్లకు తెలియదు.

ఆ రోజే శెట్టిగారి ఎదుట కాగితం మీద సంతకం చేశాను. తుది లెక్క ఇది: మొదటి దూలంలో ఆరు, రెండో దూలంలో ఆరు, మూడో దూలంలో ఆరు, స్వామివారిది ఒకటి. మొత్తం పంతొమ్మిది కమ్ములు.